గోడ కన్నంలో బల్బు

పొద్దు గూకగానే చిన్నకోడలు గరిట తీసి వంటింటి గోడ మీద రెండు దెబ్బలు కొడుతుంది. టక్, టక్. గోడకవతల తోడికోడలు స్విచ్చి వేస్తుంది. గోడ పైభాగాన రెండిటుకల మేర వదిలేసిన కన్నంలో బల్బు వెలుగుతుంది. సగం వెలుతురు ఇటు గిన్నెల మీద, సగం అటు గిన్నెల మీద పడుతుంది. ఇద్దరూ ఎవరి వంట వాళ్ళు చేసుకుంటారు. మాట లేదు, పలుకు లేదు.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే. అన్నకి చెప్పుల షాపు, తమ్ముడు బస్సు కండక్టరు. ఒకరోజు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. దేని గురించని అడిగితే ఇద్దరూ చెరో కథ చెబుతారు, రెండూ నమ్మబుద్ధి కావు. ఇల్లు పంచుకున్నారు. తండ్రిగారి రేడియో అన్నకి వచ్చింది, దాని ఏరియల్ తీగ తమ్ముడికి వచ్చింది. అన్న రేడియో పెడితే గరగరమని గొంతు సవరించుకోవడం తప్ప ఇంకేమీ వినపడదు. తమ్ముడు ఆ తీగ మీద బనీన్లు ఆరేసుకుంటాడు. పంపకమంటే అలా ఉండాలి, ఎవరికీ పనికి రాకుండా.

గోడ కట్టే రోజున వంటింటి బల్బు సరిగ్గా గోడకి అడ్డం వచ్చింది. నాదంటే నాదని ఇద్దరూ పట్టుబట్టారు. మేస్త్రీ విసుగొచ్చి, బల్బు చుట్టూ కన్నం వదిలేసి మిగతా గోడంతా లేపేశాడు. స్విచ్చి అన్న వాటాలో పడింది. గరిట తమ్ముడి పెళ్ళానికి మిగిలింది.

భర్తలు మాట్లాడుకోకపోతే పెళ్ళాలు మాత్రం ఏ మొహంతో మాట్లాడుకుంటారు? వాళ్ళూ మానేశారు. కానీ బల్బు మానలేదు. ఇటు పాలు పొంగే వాసన అటు వెళ్ళిందంటే చాలు, వెలుతురు రెండుసార్లు టపటపలాడేది. "స్టవ్వు ఆపవే మొద్దూ" అని దానర్థం. అటు గిన్నె ఢమాలున కింద పడితే చిన్నకోడలు గరిటతో ఒక్క దెబ్బ కొట్టేది. "దెబ్బ తగిలిందా?" అని. బల్బు ఒక్కసారి ఆరి వెలిగితే లేదని. చిన్నకోడలికి జ్వరమొచ్చి గరిట ఎత్తే ఓపిక లేనప్పుడు, పొద్దు వాలకముందే బల్బు దానంతటదే వెలిగింది. ఆమె పడుకునేదాకా ఆరలేదు. ఈ భాష సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలీదు. మగాళ్ళు వంటింట్లోకి తొంగిచూసేది ఆకలేసినప్పుడే కదా.

ఇలా ఉండగా కరెంటు ఆఫీసు జీపు మైకు పెట్టుకుని వీధిలోకి వచ్చింది. "పాత బల్బు ఇవ్వండి, ఎల్ఈడీ బల్బు పట్టుకెళ్ళండి! కరెంటు ఆదా, కంటికి హాయి!" జీపు వెనకే నిచ్చెన భుజాన వేసుకుని నిచ్చెన మావ వచ్చాడు. ఆ పేట కరెంటు మేస్త్రీ. నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు, చూసినా గుర్తుపట్టరు.

నాలుగు రోజుల్లో పేటంతా తెల్లబడింది. ఊడదీసిన పాత బల్బులు ఎప్పటిలాగే తమ తమ బుద్ధి చూపించాయి. పాత బల్బు హోల్డరులోంచి తీయగానే ఆరదు. దాన్ని వదులుకోడానికి ఇంట్లో ఎవరికైనా మనసు రాకపోతే, వచ్చేదాకా వెలుగుతూనే ఉంటుంది. క్షవరం షాపు బల్బు మావ నిచ్చెన దిగేలోపే ఆరింది. అద్దెకున్నవాళ్ళ బల్బయితే మావ చెయ్యి చాపగానే ఆరింది. మూలింటి డ్రాయింగు మాస్టారి బల్బు మాత్రం ఆయన చొక్కా జేబులో నాలుగు రోజులు వెలిగింది. ఆయన దాన్ని వేసుకునే బడికి వెళ్ళొచ్చాడు. పిల్లలు కూడా ఏమీ అనుకోలేదు.

అన్నదమ్ములకి ఈ పథకం తెగ నచ్చింది. చెరో బల్బు, చెరో స్విచ్చి. "ఇక వాళ్ళ దయాదాక్షిణ్యాలతో పన్లేదు" అన్నాడు తమ్ముడు. "ఆ కన్నం కూడా పూడ్పించేస్తే పీడా పోతుంది" అన్నాడు గోడకవతల అన్న. ఒకరు చెప్పింది ఒకరు వినకుండానే ఇద్దరూ ఒకే తాపీమేస్త్రీకి కబురుపెట్టారు. ఎంతైనా ఒక తల్లి పిల్లలు.

మావ రెండు వంటిళ్ళలోనూ కొత్త బల్బులు పెట్టాడు. ఆఖర్న కన్నంలో చెయ్యి పెట్టి పాత బల్బుని తిప్పాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. వెలుగుతూనే ఉంది, అదీ మామూలుగా కాదు, దొంగ దొరికినట్టు భగ్గున.

"ఇది ఆరలేదమ్మా" అన్నాడు మావ. "ఎవరికో మనసు రాలేదు. ఆరనిది ఆఫీసులో తీసుకోరు. ఆరాక వచ్చి పట్టుకెళ్తాను."

"మాకేం? మాకు కొత్తది ఉందిగా" అంది చిన్నకోడలు, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ.

నాదంటే నాదని గోడ కట్టించుకున్న అన్నదమ్ములు ఇప్పుడు నాది కాదంటే నాది కాదన్నారు. మావ దాన్ని కన్నంలోనే పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు మేస్త్రీ తాపీ పట్టుకుని వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. "వెలిగే బల్బు మీద ఇటుక పెట్టను బాబూ. ఆర్పించుకోండి. ఎల్లుండి వస్తాను."

ఆ రెండు రోజులూ చిన్నకోడలికి కొత్త వెలుతురు గిట్టలేదు. వంటింట్లో ప్రతి మూలా కనిపిస్తోంది, కావలసింది తప్ప. పాలు పొంగిపోయాయి. తలెత్తి చూసింది. కన్నంలో బల్బు కదలకుండా వెలుగుతోంది. దానికి స్విచ్చి లేదాయె, ఎలా కొట్టుకుంటుంది? ఇటుకలు పెట్టేస్తే అదీ ఉండదు. అంతకంటే పెద్ద దిగులు ఇంకోటుంది. ఆ వెలుతురంతా తన ఒక్కదానిదేనేమో. ఇన్నేళ్ళూ అక్క పోనీలే పాపమని స్విచ్చి నొక్కిందేమో. తను మాత్రం దాన్ని మాటలనుకుని మురిసిపోయిందేమో.

మేస్త్రీ వస్తానన్నదానికి ముందురోజు సాయంత్రం నిచ్చెన మావ వచ్చి వీధి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పక్కపక్కనే ఉన్న రెండు గుమ్మాల్లోంచి అన్నదమ్ములు బయటికి వచ్చారు. ఒకరి మొహం తూర్పుకి, ఒకరి మొహం పడమటికి.

"ఆ వెలుతురు అతగాడి భార్యదే అయ్యుంటుంది మావా, చెప్పు" అన్నాడు అన్న.

"మా ఇంట్లో అంత మెత్తని మనుషుల్లేరని చెప్పు మావా" అన్నాడు తమ్ముడు.

"నా నోరేమన్నా టెలిఫోనా?" అన్నాడు మావ. "తేల్చుకోడం ఎంతసేపు? మనసు రానివాళ్ళు బల్బున్న గది గడప దాటితే వాళ్ళ వంతు వెలుతురు వాళ్ళతోపాటే పోతుంది కదా. ఆడవాళ్ళని ఇద్దర్నీ ఇలా మెట్ల మీదకి పంపండి. మీరు కొత్త లైట్లు ఆపేసి, స్టూలెక్కి చూడండి." ఆ మాట చెప్పి, తనకి ఇంకో ఇంట్లో పనుందని మెల్లగా జారుకున్నాడు. నిచ్చెన మాత్రం గోడకి ఆనించి వదిలేశాడు. నిచ్చెన మర్చిపోయే మనిషేం కాదు.

"దిగు దిగు, త్వరగా" అన్నాడు తమ్ముడు, పెళ్ళాం బస్సులో ఉన్నట్టు.

చిన్నకోడలు గడప దాటింది. అదే క్షణాన పక్క గుమ్మంలోంచి పెద్దకోడలు దాటింది. కింద మెట్టు ఇద్దరికీ ఒక్కటే. అది పంచుకోవడం అన్నదమ్ములు మర్చిపోయారు. ఇద్దరూ దాని చెరో కొసన నిలబడ్డారు. పెద్దకోడలి జుట్టు చెవుల దగ్గర నెరిసింది. చిన్నకోడలికి ఈ సంగతి తెలీదు. స్విచ్చి చప్పుడుకి జుట్టు నెరవదు కదా.

చాలాసేపు ఇద్దరూ వీధిలోకి చూశారు. వీధిలో చూడ్డానికి ఒక సైకిలు తప్ప ఏమీ లేదు.

"స్టవ్వు ఆపి వచ్చావా?" అంది పెద్దకోడలు, సైకిలుతో అన్నట్టు.

"ఆపానక్కా."

"నిన్న ఆపలేదుగా. వీధంతా మాడు వాసన."

"నిన్న నువ్వు చెప్పలేదుగా!"

"ఏం పెట్టి చెప్పను? బల్బు ఊడబీకితిరి. స్విచ్చి నొక్కీ నొక్కీ నా వేలు నొప్పెట్టింది."

చిన్నకోడలు చప్పున తల తిప్పింది. "ఊడదీశాక కూడా నొక్కావా?"

"నొక్కక? పాలు పొంగుతుంటే చూస్తూ ఊరుకుంటారా ఎవరైనా?" అని పెద్దకోడలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నవ్వకు. పళ్ళు కనిపిస్తున్నాయి."

నవ్వు ఆగలేదు. పెద్దకోడలికీ అంటుకుంది. ఇద్దరూ నవ్వి నవ్వి, నవ్వెందుకో మర్చిపోయి, కళ్ళు తుడుచుకునేసరికి వీధిలో చీకటి దిగింది. లోపల్నించి ఏ కబురూ లేదు.

"ఆరిపోయుంటుంది పాపం" అంది చిన్నకోడలు. "మనిద్దరం ఇక్కడున్నాం కదా."

"మరి పిలవరేం?"

పెద్దకోడలు ఒక్క క్షణం తటపటాయించి, చిన్నకోడలి గుమ్మంలో కాలు పెట్టింది. గోడ లేచాక ఇదే మొదలు. ఇద్దరూ పిల్లుల్లా వంటింటి గడప దాకా వెళ్ళి, దాటకుండా తొంగిచూశారు.

బల్బు ఆరలేదు. సగం తగ్గింది, అంతే. మిగతా సగం గోరువెచ్చగా వెలుగుతోంది. ఇటు స్టూలు మీద తమ్ముడు, కన్నంలో మొహం. అటు కన్నంలో అన్న మొహం. మధ్యన బల్బు. ఇద్దరి ముక్కులూ పసుపు రాసినట్టున్నాయి.

"మీ ఆవిడ లోపలే ఉన్నట్టుంది" అన్నాడు అన్న.

"ఎప్పుడో దాటింది. మీ ఆవిడో?"

"అదీ మెట్ల మీదే ఉంది."

"మరి ఈ సగం ఎవరిది?"

బల్బు ఇద్దరి మొహాల మీదా దాచడానికి ఏమీ మిగల్చకుండా వెలిగింది.

"నువ్వోసారి గడప దాటు, చూద్దాం" అన్నాడు అన్న చివరికి.

"నేనెందుకు? నువ్వు దాటు."

"పెద్దవాణ్ణి చెబుతున్నాను."

"పెద్దవాడివి కనక నువ్వే ముందు."

ఇద్దరిలో ఎవరూ స్టూలు దిగలేదు. తలుపు చాటున పెద్దకోడలు చిన్నకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒరేయ్" అన్నాడు అన్న.

"ఊఁ."

"ఆ ఏరియల్ తీగ ఉందా, పారేశావా?"

"ఉందన్నయ్యా. బనీన్లున్నాయి దాని మీద."

"ఆరాయా?"

"ఆరే ఉంటాయి."

"అయితే తీసెయ్యి" అన్నాడు అన్న. "తీగ ఇలా కన్నంలోంచి ఇవ్వు."

మర్నాడు మేస్త్రీ ఇటుకలతో వచ్చేసరికి కన్నంలో రేడియో కూర్చుని ఉంది. తీగ ఇటు కిటికీలోంచి బయటికి పోయింది. పాట స్పష్టంగా వినపడుతోంది, ఇటు సగం, అటు సగం కాదు, రెండు పక్కలా మొత్తం. కన్నం పూడ్చడానికి పిలిచి రేడియోకి అరుగు వెయ్యమంటారేమిటని మేస్త్రీ సణుక్కుంటూ సిమెంటు నున్నగా మెత్తాడు.

నిచ్చెన మావ నిచ్చెన కోసమని వచ్చి బల్బు అడిగాడు. రేడియో వెనక చెయ్యి పెట్టి తడిమితే దొరికింది. చల్లగా, ఆరిపోయి ఉంది.

"ఎప్పుడారింది?" అన్నాడు.

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ గమనించలేదు.

ఆ సాయంత్రం పొద్దు గూకింది. చిన్నకోడలి కొత్త స్విచ్చి చేతికందేంత దూరంలోనే ఉంది. అయినా చెయ్యి దానంతటదే గరిట మీదకి పోయింది. టక్, టక్.

గోడకవతల స్విచ్చి చప్పుడు కాలేదు.

"ఏంటే?" అంది పెద్దకోడలు.

"ఏం లేదక్కా" అంది చిన్నకోడలు. "ఊరికే."