కాలువ మూతకు ఓటు

వానల్లో వీధి చివరి మురుగుకాలువలో పడి కొడుకు పోయినప్పటి నుంచి అత్తగారు గడప దాటలేదు. ఆవిడకు చూపు అంతంతమాత్రం. "ఆ కాలువ మీద మూత పడ్డాకే బయటికొస్తా. అందాకా నన్నెవరూ పిలవకండి" అని తేల్చి చెప్పేసింది. కోడలు సరేనంది. భర్త పోయాక ఆమె అన్నిటికీ సరేననే అంటోంది. అన్నం మాడినా సరే, గ్యాస్ అయిపోయినా సరే.

ఆ ఆదివారం మునిసిపాలిటీ వాళ్లు బడిలో మీటింగు పెట్టారు. ఈసారి వార్డుకొచ్చే డబ్బుతో ఏ పనులు చెయ్యాలో జనమే తేల్చాలట. ఇన్నేళ్లూ మొత్తుకున్నా వినిపించుకోనివాళ్లు ఇంటికొచ్చి మరీ పిలిస్తే ఎవరికి మాత్రం ముచ్చటగా ఉండదు! వీధి వీధంతా కదిలింది. తరగతి గది గోడకు చార్టులు అంటించి, ఒక్కోదాని కింద మూసిన అట్టడబ్బా పెట్టారు. కాలువ మూతలు, వీధి దీపాలు, మంచినీళ్ల పైపు, పార్కు బెంచీలు. ఇంటికో చీటీ. ఏ పని కావాలంటే ఆ డబ్బాలో వెయ్యాలి. ఎక్కువ చీటీలు పడ్డ రెండు పనులకే డబ్బు.

కోడలు లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. టైలరమ్మ లేచి తన కుర్చీ ఇచ్చింది.

"నీది ఎలాగూ గెలుస్తుందమ్మా. వేరే చెప్పాలా?"

"అసలు దాన్ని ఓటుకు పెట్టడమే తప్పు. వెయ్యనివాడు మనిషా?" అన్నాడు రిటైరైన లెక్కల మేష్టారు. ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. కోడలు కూడా ఊపింది.

వరుసలో నిలబడ్డప్పుడు టైలరమ్మ ఆమె చెవిలో గొణిగింది. "మా పిల్ల డ్యూటీ దిగి ఆ చీకట్లో నడిచొస్తుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటా. దీపాలకు నాదొక్కటే పడుతుందో ఏమో."

కోడలు తన చీటీ దీపాల డబ్బాలో వేసింది. తన పనికి తనే వేసుకోవడం సిగ్గుగా కూడా అనిపించింది. వీధంతా వేస్తుంటే తనదొక్కటి ఏ మూలకు?

ఆఫీసరు ఒక్కో డబ్బా బల్ల మీద బోర్లించాడు. దీపాలు గెలిచాయి. పైపు గెలిచింది. బెంచీలకూ బాగానే పడ్డాయి. కాలువ డబ్బా బోర్లిస్తే ఏమీ రాలలేదు. పాపం, ఆయన అడుగున తట్టి కూడా చూశాడు.

"అదేంటండీ, మీరు వెయ్యలేదా?" అంది టైలరమ్మ.

"మీరంతా వేస్తారు కదా అని నేను పైపుకి..." అని మేష్టారు నసిగాడు.

ఆ ముక్కే గది చుట్టూ తిరిగింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఎవరి వాటా వాళ్లు తీసుకుని తలలు దించుకున్నారు. మళ్లీ వేద్దామని మేష్టారు గోల పెట్టాడు. రూల్సు ఒప్పుకోవు, వచ్చే ఏడు చూద్దామన్నాడు ఆఫీసరు. కోడలికి కోపం రావాలి. రాలేదు. దారిలో కాలువ పక్కనుంచే నడిచి ఇంటికొచ్చింది.

అత్తగారు ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎన్ని పడ్డాయే?"

"ఒక్కటీ పడలేదత్తయ్యా."

"నీది?"

"నాదీ లేదు. అందరూ వేస్తార్లే అనుకున్నా."

ఇక తిట్లు మొదలవుతాయని కోడలు ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. అత్తగారు తిట్టలేదు.

"వాడూ అంతేగా. ఎవరో ఒకళ్లు మూత వేసే ఉంటార్లే అనుకుని అడుగేసుంటాడు" అంది. కోడల్ని లోపలికి రానిచ్చి, చేత్తో తడుముకుంటూ తలుపు వేసేసింది.