తోక లేని రేకు

మిరపకాయ అన్నది ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, రేవు పెట్టిన పేరు. నలభై తొమ్మిదేళ్లు వచ్చినా ఆ పేరు ఊడిపోలేదంటే తప్పు రేవుది కాదు. పాత లాంచీ ఇంజన్లు బాగుచేయడం ఆమె పని. బాగుచేయడమంటే తుప్పు గీకి రంగు పూయడమే అనుకునేవాళ్లని షెడ్డు గడప కూడా తొక్కనిచ్చేది కాదు. ఒక్క బోల్టు విప్పేముందు ఆ ఇంజన్ పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి తీసేది. ఏ లాంచీలో తిరిగింది, ఏ ఏడాది పిస్టన్ మార్చారు, ఎవరు నడిపారు, ఎవరు పాడుచేశారు, అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కాకే పానా చేతికి తీసుకునేది.

ఆ రోజు మ్యూజియం నుంచి వస్తూనే చేతిలోని కాగితాన్ని బల్లమీద వేసి కొట్టింది. బల్లమీది వాషర్లు ఎగిరి నేలమీద పడ్డాయి. మూలన స్టూలు మీద కూర్చుని వాల్వు అరగదీస్తున్న బాబాయి తలెత్తి చూసి, మళ్లీ దించుకున్నాడు.

కాగితం మీద ఉన్నవి నాలుగే వాక్యాలు. షెడ్డు మధ్యలో నిలబడి ఉన్న ఇంజన్ వచ్చే నెల మ్యూజియంలోకి వెళ్తుంది, దాని పక్కన పెట్టబోయే ఫలకం మీద రాత అది. మొదటి మూడు వాక్యాలూ ఇంజన్ బరువు, వయసు, గొప్పతనం. నాలుగోది ఇలా ఉంది: ‘ఇంజన్ డ్రైవర్ నిద్రమత్తు వల్ల లాంచీ రేవు గోడను గుద్దుకుని ఇరవై ముగ్గురు ప్రయాణికులు మరణించారు.’

ఆ డ్రైవర్ ఆమె నాన్న.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. ఈయనకి ఆ మర్యాద కూడా దక్కలేదు. ప్రమాదంలో బతికి బయటపడి, జైలుకెళ్లి, రెండో ఏడాదే అక్కడే పోయాడు. పోయి ఇన్నేళ్లయినా కాగితాల్లో మాత్రం నిద్రపోతూనే ఉన్నాడు. తల్లి అంతకుముందే లేదు. ఎనిమిదేళ్ల పిల్లని నాన్న తమ్ముడు తెచ్చుకుని పెంచాడు. అదే బాబాయి. పెళ్లీ చేసుకోలేదు, పిల్లకి పిన్ని పోరు ఉంటుందని. చేతిలో ఉన్న విద్యంతా ఆమెకే నేర్పాడు. లోకం మొత్తం మీద ఆమె మండిపడని మనిషి ఎవరైనా ఉంటే ఆయన ఒక్కడే.

ఆ వాక్యం తీసెయ్యమని మ్యూజియం అధికారిని ఆమె అడిగింది, తిట్టింది, కుర్చీ తన్ని మరీ లేచింది. ఆయన పాపం మంచివాడే. విచారణ నివేదికలో ఉన్నదే రాశామనీ, కాదనాలంటే ఆధారం తెమ్మనీ అన్నాడు. ఆ నివేదిక ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. ఆరేళ్లు పోర్టు ఆఫీసు రికార్డు గదికి తిరిగి, గుమస్తా కాళ్లావేళ్లా పడి, అక్షరం అక్షరం ఎత్తి రాసుకుంది.

ఆ రకం ఇంజన్‌కి గేర్లు ఉండవు. వెనక్కి నడపాలంటే ముందు పూర్తిగా ఆపాలి, లివర్ మార్చాలి, ట్యాంకులో నిలవున్న గాలిని వదిలి రెండోవైపు తిప్పాలి. గాలి లేకపోతే అదొక ఇనప దిమ్మ. ఆ సాయంత్రం లాంచీ రేవు దగ్గరికొస్తుండగా పైన చుక్కాని దగ్గర్నుంచి రివర్సు గంట కొట్టారు. నలభై సెకన్లు ఇంజన్ కదల్లేదు. లాంచీ వెళ్లి గోడని కొట్టుకుంది. గాలి కొలిచే గేజీ చూస్తే నిండుగా ఉంది. రెండో సాక్షి, కంపెనీ మెకానిక్, గాలి సరఫరాలో ఏ లోపమూ లేదని ప్రమాణం చేసి చెప్పాడు. గాలి ఉండీ తిప్పలేదంటే డ్రైవర్ నిద్రపోయి ఉండాలి అని తేల్చారు. లివర్ లాగాననీ, గాలి రాలేదనీ నాన్న చెప్పిన మాట ఒక్క వరుసలో ఉంది. దాన్ని ఎవరూ నమ్మలేదు.

రెండో సాక్షి పేరు మీద ఎవరో నల్లసిరా పూశారు. అప్పట్లో కంపెనీకి అయిదుగురు మెకానిక్‌లు. బాబాయి ఆ అయిదుగురిలో ఒకడే కానీ, ఆ వారం తను వేరే లాంచీ మీద ఉన్నానని చెప్పేవాడు. మిరపకాయ తిండి దగ్గర కూర్చున్నప్పుడల్లా ఆ రెండో సాక్షిని తలుచుకునేది. వాడి నోట్లో పురుగులు పడ, వాడి నాలిక పడిపోను, అని మొదలుపెడితే కంచం ఖాళీ అయ్యేదాకా ఆపేది కాదు. తినేటప్పుడు శాపనార్థాలెందుకే అని బాబాయి మెల్లగా అనేవాడు. ఆయన మెతకదనానికి ఆమెకి ఇంకా ఒళ్లు మండేది.

ఇంజన్‌ని ప్రమాదం తర్వాత నీళ్లలోంచి తీసి కంపెనీ గోదాములో పడేసి తాళం వేశారు. అపశకునం సరుకని నలభై ఏళ్లు ఎవరూ ముట్టుకోలేదు. కంపెనీ మూతపడ్డాక మ్యూజియం వాళ్లు తీసుకుని, బాగుచేయమని వీళ్ల షెడ్డుకే పంపారు. వచ్చిన రోజే బాబాయి ఒక మాట అన్నాడు, ఆ గాలి పైపుల జోలికి నువ్వు వెళ్లకు, అవి నేను చూసుకుంటానని. డెబ్భై నాలుగేళ్ల మనిషి, చేతులు వణుకుతాయి. రేపు చూస్తా, ఎల్లుండి చూస్తా అంటూ రెండు నెలలు గడిపాడు. పెద్దాయన పట్టుదల కదా అని ఆమె ఊరుకుంది. ఊరుకోవడమనే గుణం ఆమెలో ఉన్నది ఆయన దగ్గరే.

బాబాయి కళ్లు చూపించుకోడానికి ఆస్పత్రికి వెళ్లిన పూట, ఇక గడువు దాటిపోతోందని ఆమే పానా పట్టింది. ఇంజన్ తిరిగేటప్పుడు గాలి కొట్టే కంప్రెసర్ నుంచి గాలి ట్యాంకుకి వెళ్లే పైపు మధ్యలో ఒక ఫ్లాంజి ఉంది, రెండు ఇనప చక్రాల్ని ఎదురెదురుగా పెట్టి బిగించిన అతుకు. ఎనిమిది బోల్టులూ చిలుము పట్టి ఒకటైపోయాయి. కిరసనాయిలు పోసి, కాచి, తట్టి, నానా తంటాలూ పడి విప్పింది. చక్రాల మధ్య నుంచి ఒక గుండ్రటి రేకు జారి ఆమె ఒళ్లో పడింది.

అడ్డరేకు అంటారు దాన్ని. పైపులో దారి మూసెయ్యాలంటే మధ్యలో పెడతారు. బాబాయి అడ్డరేకు కత్తిరిస్తే, బయటికి కనపడేలా వేలెడంత తోక వదులుతాడు. తోక చూస్తే లోపల దారి మూసి ఉందని తర్వాత వచ్చినవాడికి తెలుస్తుంది. పద్నాలుగేళ్లప్పుడు ఆమె ఒకసారి తోక లేకుండా రేకు పెట్టింది. ఎన్నడూ చెయ్యెత్తని మనిషి ఆ రోజు చెంప పగలగొట్టాడు. కొట్టి, షెడ్డు వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఈ రేకుకి తోక లేదు. ఉన్న గుర్తు ఉంది, మొదట్లోనే కత్తిరించేశారు. గ్రీజు డబ్బా రేకు అది, లోపలివైపు పాత రంగు ఇంకా కనిపిస్తోంది. ఆమె అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. కత్తెరతో రేకు కోస్తే అంచు ఒకవైపుకి కొద్దిగా ముడుచుకుంటుంది. అందరూ కోస్తే ఇటువైపు, పుర్రచెయ్యి వాటం ఉన్నవాడు కోస్తే అటువైపు. కంపెనీ మెకానిక్‌లు అయిదుగురిలోనూ పుర్రచెయ్యి వాడు ఒకడే. ఆ చేతివాటాన్ని ఆమె ముప్ఫై అయిదేళ్లుగా రోజూ చూస్తోంది.

రేకుని ఫ్లాంజి మధ్య మళ్లీ ఆనించి చూసింది. మిగతాదంతా దానంతట అదే విడివడింది. గేజీ రేకుకి ఇవతల ఉంది, ట్యాంకు అవతల ఉంది. కంప్రెసర్ కొడుతున్న గాలి రేకు దగ్గరే ఆగిపోతుంది, గేజీ నిండుగా చూపిస్తుంది, ట్యాంకు నిండినప్పటిలాగే సేఫ్టీ వాల్వు బుస్సుమంటుంది. ట్యాంకులోకి మాత్రం చుక్క గాలి పోదు. పొద్దున నింపిన గాలి రేవు రేవుకీ ఖర్చయిపోతూ ఆఖరి ట్రిప్పుకి అయిపోయింది. నాన్న లాగాడు. నిండు గేజీని చూస్తూ లాగాడు.

బాబాయి కళ్లద్దాల చీటీ పట్టుకుని వచ్చేసరికి రేకు ఆయన స్టూలు మీద ఉంది. చూసి, తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత గోడకి ఆనుకుని చెప్పాడు. ట్యాంకు దగ్గరి వాల్వు లీకవుతోందట. కొత్తది వచ్చేదాకా గాలి వెనక్కి పోకుండా రేకు పెట్టి, పొద్దున్నే వర్క్‌షాపు గాలితో ట్యాంకు నింపి నడిపారట. మర్నాడు తనిఖీ ఉందనీ, తోక కనపడితే లాంచీ ఆపేస్తారనీ మేనేజరు కత్తిరించమన్నాడట. అన్నయ్య సెలవు నుంచి వచ్చింది ప్రమాదం రోజు పొద్దున్నే, రేకు సంగతి ఆయనకి తెలీదు. రేవులోకి వెళ్లి చెబుదామనుకునేలోపు జనం ఎక్కేశారు, లాంచీ వెళ్లిపోయింది. సాయంత్రం చెప్పొచ్చులే అనుకున్నాడు.

అంతవరకూ ఆమెకి అర్థమైంది. తప్పు ఎవరైనా చేస్తారు. చేతిపని చేసేవాళ్లకి ఆ మాట ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

“మరి ప్రమాణం?” అంది.

“నీకు ఎనిమిదేళ్లు అమ్మడూ. అన్నయ్య ఎలాగూ లోపలే ఉన్నాడు. నేనూ వెళ్తే నిన్నెవరు చూస్తారు?”

“నీ పిరికితనాన్ని నా నెత్తిన పెట్టకు బాబాయ్.”

ఆయన ఏడ్చాడు. ఆమెకి జాలి రాలేదు, రాలేదన్న సిగ్గూ వేయలేదు. ఇన్నేళ్లూ తను నోరారా తిట్టిన మనిషినే, అదే నోటితో రోజూ మాత్రలు వేసుకున్నావా అని అడుగుతూ వచ్చింది, కండువా కప్పుకోమని చెబుతూ వచ్చింది. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి. రేపు మ్యూజియానికి వచ్చి ఆ మాటే చెప్పమంది. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తను పోయాక చెప్పుకోమన్నాడు, ఇంకెన్నాళ్లు ఉంటానన్నాడు.

“నాన్న చచ్చేదాకా నువ్వు ఆగావు. ఇప్పుడు నువ్వు చచ్చేదాకా నేనాగాలా?”

మర్నాడు ఆమె ఒక్కతే రేకు పట్టుకుని వెళ్లింది. మ్యూజియం అధికారి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తుప్పు రేకు చెప్పదు కదండీ అన్నాడు. పెట్టినవాడు వచ్చి నోరు విప్పితే ఫలకం మారుస్తానని మాటిచ్చాడు. బాబాయి పేరు ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. తను చెబితే అది కూతురి మాట. దానికీ నాన్న మాటకి పట్టిన గతే పడుతుంది.

తిరిగొచ్చి ఆమె పనిలో పడింది. ఇంజన్ మొత్తం మెరిసేలా చేసింది. బాబాయితో మామూలుగానే మాట్లాడింది, అన్నం పెట్టింది, మందులు ఇచ్చింది. ఆయన మెల్లగా తేరుకున్నాడు. పిల్ల కోపం దిగిందనుకున్నాడు. మిరపకాయ ఎండితే ఘాటు పెరుగుతుందని ఆయనకి ఎందుకు తోచలేదో మరి.

ప్రారంభం రోజు మ్యూజియం హాలు కిటకిటలాడింది. ఇంజన్ని రేవువైపు తలుపుల దగ్గర దిమ్మమీద బిగించారు. ఫలకం మీద గుడ్డ కప్పి ఉంది. పాతకాలపు మెకానిక్ అని బాబాయికి శాలువా కప్పారు. మిరపకాయ పొద్దున తను ట్యాంకులో నింపిన కాస్త గాలి వదిలి ఇంజన్‌ని నడిపించింది. నలభై ఒక్క ఏళ్ల తర్వాత అది ధడ్ ధడ్ మంటూ తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. గేజీ ముల్లు పైకి లేచింది, సేఫ్టీ వాల్వు బుస్సుమంది. ఆమె ఇంజన్ ఆపి, ఇప్పుడు దీన్ని వెనక్కి తిప్పి చూపించేది మా బాబాయని జనానికి చెప్పింది.

శాలువా సర్దుకుంటూ ఆయన నవ్వుతూనే వచ్చాడు. లివర్ మీద చెయ్యి వేసేముందు, అలవాటుకొద్దీ కళ్లు ఫ్లాంజి మీదికి పోయాయి. ఎనిమిది బోల్టులూ కొత్తవి. చక్రాల మధ్య ఆయన కంటికే తెలిసే సన్నటి రేకు గీత, తోక లేదు. నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

“గేజీ ఎంతుంది బాబాయ్?” అని ఆమె అందరికీ వినపడేలా అడిగింది.

“నిండుగా ఉంది.”

“అయితే లాగు.”

ఆయన లాగాడు. ఎక్కడో సన్నగా ఒక బుస వినిపించి ఆగిపోయింది. చక్రం కదల్లేదు. మళ్లీ లాగాడు, మళ్లీ లాగాడు. ఆమె పక్కనే నిలబడి పైకే లెక్కపెడుతోంది. పది అయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పదిహేను అయింది. పాతదేమో, పట్టేసిందేమో అని మాటలు వినపడ్డాయి. ఆయన పుర్రచెయ్యి లివర్ మీద నుంచి రాలేదు. ఆమె మొహం వైపు చూశాడు. అందులో ఆయన కోసం ఏమీ లేదు. ఇరవై ఆరు దగ్గర ఆయన జనం వైపు తిరిగాడు.

“మా అన్నయ్య నిద్రపోలేదండీ,” అన్నాడు. “ఇలాగే లాగాడు. గాలి రాలేదు. లోపల అడ్డరేకు ఉంది. పెట్టింది నేను, తోక కత్తిరించింది నేను. లోపం లేదని ప్రమాణం చేసిన రెండో సాక్షినీ నేనే.”

మ్యూజియం అధికారి జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చి బాబాయిని కూర్చోబెట్టబోయారు. ఆయన కూర్చోలేదు.

మిరపకాయ లెక్క ఆపలేదు. ముప్ఫై దాటింది, ముప్ఫై అయిదు దాటింది, నలభై దాకా ఒక్క అంకె వదలకుండా లెక్కపెట్టింది. అప్పుడు పానా తీసుకుని ఫ్లాంజి విప్పడం మొదలుపెట్టింది.