వేలికి తగిలిన గాడి

నా భర్త లజ్‌హర్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ, మాటా పడిపోయిన ఏడాదే మా పాత ఫ్రెంచి కారు నూనె కార్చడం మొదలుపెట్టింది. మా ఫాస్ఫేటు గనుల ఊరు మెత్లావీలో ఒకప్పుడు సగం బళ్ళు లజ్‌హర్ చేతి మీదుగానే రోడ్డెక్కేవి. ఇంటిని ఆనుకుని అతని గ్యారేజీ ఉంది. ఇప్పుడు దాని తలుపు నేను తీస్తే తీసినట్టు, లేకపోతే లేదు.

కాళ్ళు కొంత కోలుకున్నాయి. గోడ పట్టుకుని నడుస్తాడు. మాటల్లో మాత్రం ఒక్కటే మిగిలింది. "సోమవారం." ఆకలేసినా సోమవారమే, కోపమొచ్చినా సోమవారమే. ఆ మాటే ఎందుకు మిగిలిందో డాక్టర్లకూ తెలీదు. తల ఊపడాన్ని కూడా నమ్మడానికి లేదు. కాదనబోయి అవునని ఊపేవాడు, తప్పు ఊపానని తనకే తెలిసి కళ్ళు మూసుకునేవాడు.

గఫ్సా పట్నం ఆసుపత్రిలో మాటలు మళ్ళీ నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. వారానికోసారి తీసుకెళ్ళాలి. మొదట్లో అందరితోపాటు అద్దె వ్యానులో తీసుకెళ్ళాను. అందులో ఎక్కినవాళ్ళంతా ఎరిగినవాళ్ళే. "లజ్‌హర్, ఎలా ఉన్నావు? నా బండి నీకోసం ఏడుస్తోందిరా" అనేవాళ్ళు. జవాబు చెప్పాలని నోరు తెరిచి, చెమటలు పట్టి, మధ్యదారిలో దిగిపోతానని తలుపు కొట్టేవాడు. అందుకని నేనే కారు నడపడం మొదలుపెట్టాను.

ఒకరోజు పొద్దున్న కారు కింద నల్లటి మడుగు కనిపించింది. ఫాస్ఫేటు దుమ్ము దాని మీద పడి అట్టకట్టింది. నూనె పోశాను. మర్నాడు మళ్ళీ మడుగు. మా మరిది మోంజీని పిలిచాను. అతను అద్దె వ్యాను నడుపుతాడు. రిపేర్లు సగం తెలుసు, మిగతా సగం ధైర్యం.

"బండికి జలుబు చేసింది వదినా, అంతే" అన్నాడు బానెట్ ఎత్తి. "పైమూత కింద గాస్కెట్ ఎండిపోయుంటుంది. మార్చేస్తే సరి."

మార్చాడు. లజ్‌హర్ స్టూలు మీద కూర్చుని చూస్తూ "సోమవారం, సోమవారం" అంటూనే ఉన్నాడు.

"విన్నావా, అన్న మెచ్చుకుంటున్నాడు" అన్నాడు మోంజీ.

మర్నాడు మడుగు ఎప్పటిలాగే ఉంది.

ఎక్కడినుంచి వస్తోందో చూడకుండా ఊహించి లాభం లేదనిపించింది. లజ్‌హర్ ఒకప్పుడు చేయగా చూసినట్టే, ఇంజన్ అడుగంతా డీజిల్‌తో కడిగి గుడ్డతో తుడిచాను. పక్కింటావిడ దగ్గర పసిపిల్లల పౌడరు అడిగి తెచ్చి, ఇంజన్ పక్కలా కిందా చల్లాను. బండి స్టార్ట్ చేసి కాసేపు వదిలేసి, మోంజీ నేనూ బండి కింద పనిచేయడానికి గ్యారేజీలో తవ్విన గుంతలోకి దిగి లైటు వేసి చూశాం. పైనంతా తెల్లగా పొడిగానే ఉంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట మాత్రం తడి నల్లగా దిగుతోంది.

మోంజీ నవ్వు ఆగిపోయింది. "ఇది జలుబు కాదు వదినా. లోపల వెనక సీలు, నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, పోయింది. గేర్‌బాక్స్ దింపాలి, క్లచ్ ఊడదియ్యాలి, ఫ్లైవీల్ కూడా. పొట్ట కోసినట్టే."

"నీవల్ల అవుతుందా?"

"అన్నకి నోరుంటే అవుతుంది."

ఆ శుక్రవారం నమాజు అయ్యాక పనిలో దిగాం. గేర్‌బాక్సును జాకీ మీదికి దించేసరికి మోంజీ చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. పాత సీలు గీకి తీసి, కొత్తది పెట్టి, చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో నెమ్మదిగా కొట్టాడు. అప్పుడే లజ్‌హర్ లేచి, గుంత అంచుకు వచ్చి అరవడం మొదలుపెట్టాడు. సోమవారం, సోమవారం. ఎడమచెయ్యి గాలిలో ఏదో గీస్తోంది.

"వంకరగా పెట్టానా అన్నా? సరిగ్గానే ఉందిగా?"

లజ్‌హర్ అవునని తల ఊపాడు. మళ్ళీ అరిచాడు. కాదని ఊపాడు.

"నన్నేం చెయ్యమంటావ్ మరి?" మోంజీ సుత్తి కింద పడేశాడు. "సోమవారం అంటే ఏంటో ఎవడికి తెలుసు? ఊరికే అరుస్తావేంటి?"

లజ్‌హర్ గోడ పట్టుకుని మెల్లగా బయటికి వెళ్ళి ఎండలో కూర్చున్నాడు. మోంజీ చాలాసేపు సుత్తి తీసుకోలేదు. తర్వాత ఇద్దరం అన్నీ మళ్ళీ బిగించాం.

బండి కారుతూనే ఉంది.

నాకు ఏడుపు రాలేదు. కారు పక్కన నేలమీద కూర్చుండిపోయాను. గఫ్సా వెళ్ళడం ఆగిపోయింది. లజ్‌హర్ నోటి నుంచి రోజూ వచ్చే ఆ ఒక్క మాటా తగ్గిపోతున్నట్టు అనిపించింది. చివరికి మోంజీకి ఫోన్ చేసి, "ఇంకో సీలు తీసుకురా, మళ్ళీ విప్పుదాం" అన్నాను. అతను కాదనలేదు.

ఈసారి విప్పాక లజ్‌హర్‌ను చెరోవైపూ పట్టుకుని గుంతలోకి దించాం. ఆ మెట్లు దిగడానికే అతని ప్రాణం పోయినంత పనైంది. నేను అతని ఎడమచెయ్యి పట్టుకున్నాను.

"లజ్‌హర్, నేను అడుగుతా. అవునైతే నొక్కు. సీలు తిరగేసి పెట్టామా?"

నొక్కాడు.

"సరిగ్గానే పెట్టామా?"

నొక్కాడు.

"ఇవాళ వర్షం పడుతుందా?"

నొక్కాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మోంజీ అటు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

అప్పుడు లజ్‌హర్ నా చెయ్యి వదల్లేదు. నా చూపుడువేలు పట్టి లాగి, సీలు చుట్టూ కూర్చునే చోట, తిరిగే ఇనుప షాఫ్టు చివర మీద పెట్టాడు. నున్నగా, చల్లగా ఉంది. ముందుకీ వెనక్కీ నడిపించాడు. ఏమీ తెలీలేదు. మళ్ళీ నడిపించాడు, ఈసారి గోరు ఆనించి. గోరు ఒకచోట పట్టుకుంది. షాఫ్టు చుట్టూ వెంట్రుకంత గాడి.

"మోంజీ, ఇక్కడ గోరు పెట్టి చూడు."

అతను చూశాడు. "పాత సీలు ఇన్నేళ్ళూ తిరిగి తిరిగి షాఫ్టుని తినేసింది. కొత్తది కూడా అదే గాడిలో కూర్చుంటోంది. అందుకే కారుతోంది. దీన్ని కొంచెం జరిపి పెట్టాలి, గాడి పక్కకి. అదే కదా అన్నా?"

"సోమవారం" అన్నాడు లజ్‌హర్, నీరసంగా.

"లోపలికా, బయటికా? ఎంత?"

లజ్‌హర్ వేళ్ళు చూపించాడు. ఒకసారి ఇంత, ఇంకోసారి అంత. మూడోసారి చెయ్యి దించేసుకున్నాడు. చివరికి మోంజీ బిస్మిల్లా అనుకుని తనకు తోచినంత లోపలికి దించాడు.

అన్నీ మళ్ళీ బిగించాం. మర్నాడు మడుగు లేదు. రెండు మూడు చుక్కలున్నాయి. మోంజీ వాళ్ళన్న తల పట్టుకుని ముద్దు పెట్టాడు. లజ్‌హర్ మాత్రం వంగి, ఒక చుక్కను వేలితో అద్ది, బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత తమ్ముడివైపు తిరిగి, సోమవారం అన్న మాటతోనే, ఎక్కడ హెచ్చించాలో అక్కడ హెచ్చించి, ఎక్కడ తగ్గించాలో అక్కడ తగ్గించి చాలాసేపు చివాట్లు పెట్టాడు. "సరే అన్నా. నిజమే అన్నా. బుద్ధొచ్చింది అన్నా" అంటూ మోంజీ తలవంచుకుని నిలబడ్డాడు.

ఆ వారమే గఫ్సా వెళ్ళాం. డాక్టరమ్మ లజ్‌హర్ ముందు బొమ్మలు పరిచింది. రొట్టె చూపించమంటే చెప్పు చూపించాడు. తాళంచెవి చూపించమంటే చాలాసేపు చూసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మా బండిని అతనే బాగుచేయించాడని నేను చెప్పాను, గాడి సంగతి కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"చేతులకి గుర్తుండేది వేరమ్మా, అది మిగిలింది" అంది. "మాటల సంగతి... మొదటి నెలల్లో వచ్చిందే ఎక్కువ. ఇకముందు పెద్దగా ఆశ పెట్టుకోకండి. రావడం మాత్రం మానకండి."

తిరుగుదారిలో బండి బాగానే నడిచింది. ఫాస్ఫేటు రైలు పట్టాలు రోడ్డు పక్కకు వచ్చే చోట లజ్‌హర్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆపాను. ఏదో చెప్పాలనుకుంటున్నాడు. నూనె సంగతా అంటే, కిందికి చూశాడు. దిగి చూశాను, ఏమీ లేదు. నీళ్ళు ఇచ్చాను, తోసేశాడు. చలేస్తోందా అని కిటికీ అద్దం ఎత్తాను. దిగాలా అని తలుపు తీశాను. నా ముఖంలోకే చూస్తూ నోరు తెరిచి, మూసి, నా మోచెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"చెప్పు లజ్‌హర్" అన్నాను. "నాకు తొందరేం లేదు."

రైలు వచ్చి, వెళ్ళిపోయింది. మెల్లగా నా చెయ్యి వదిలి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. ఇంకేం అడగాలో నాకు తోచలేదు. గేరు వేసి ఇంటిదారి పట్టాను.