రాహేలు వీధిలో దీపాలు

ఎస్తేరు సూక్ష్మదర్శినిలోకి చూసేసరికి అక్క కణాలు వీధిగా సర్దుకుని ఉన్నాయి. మొదటి ఇంటి అరుగు మీద అక్క రాహేలు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

ఎస్తేరు కాకినాడలో పాథాలజిస్టు. క్యాన్సరేమోనని రొమ్ముల్లోంచి తీసిన ముక్కలు పరీక్షకు ఆమె దగ్గరికే వస్తాయి. ఈ ముక్క అక్కది. అమ్మ పోయాక తనకు జడలు వేసి, బడికి పంపి, డాక్టరును చేసిన అక్కది. కన్ను ఇంకాస్త ఆనిస్తే అద్దం గుమ్మమంత అవుతుంది. ఎస్తేరు చెప్పులు విడిచి లోపలికి దిగుతుంది.

"వచ్చేవా? కూర్చో," అంటుంది రాహేలు తలెత్తకుండా.

ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకోబోతుంది. అక్కను ఉల్లిపొర కంటే పలచగా కోశారు. పక్కకు తిరిగినప్పుడల్లా కనిపించకుండా పోతోంది. ముట్టుకుంటే చిరిగిపోతుందని ఎస్తేరు చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

చాలా ఇళ్లలో గోధుమరంగు దీపాలు వెలుగుతున్నాయి.

"ఈ దీపాలేంటే?"

"హార్మోను మాట వినే ప్రొటీన్లక్కా. దీపమున్న ఇంట్లో ఆ హార్మోనుని ఆపే మాత్ర పనిచేస్తుంది. నీ వీధిలో బాగానే ఉన్నాయి."

"మరి నీ మొహం అలా ఉందేంటి?"

వీధి చివర ఇళ్లు నిలువునా చీలి రెండవుతున్నాయి. గోడల తడి ఆరకముందే ఆ రెండూ నాలుగవుతున్నాయి.

"అక్కడ తొందరెక్కువగా ఉంది. ఆ తొందర చూపించే ప్రొటీను వేరే ఉంటుంది. అదీ రంగెక్కింది. మాత్రొక్కటే చాలదక్కా, కీమో కూడా పెట్టాలి."

"పెడితే ఉంటానా?"

"ఇలాంటి వీధి ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఉంటారు."

"ఎక్కువమంది సంగతి ఎవరడిగేరే? నా సంగతి చెప్పు."

ఎస్తేరుకు తెలియదు. ప్రొటీన్లు మంది గురించే చెబుతాయి, పేరు పెట్టి పిలిస్తే పలకవు. అయినా ఆమె "రాహేలూ" అని వీధిలోకి కేకేస్తుంది. తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఇలాంటి దీపాలే ఉన్న ఆడవాళ్లు బయటికి వస్తారు. కొందరికి జుట్టు మళ్లీ మొలుస్తోంది. చాలామందికి నెరిసిపోయింది. కొన్ని చీరలు మాత్రం వాటంతటవే నడిచి వస్తున్నాయి, లోపల ఎవరూ లేరు.

రాహేలు చాట పక్కన పెట్టి అందరినీ పరకాయించి చూస్తుంది. "వీళ్లల్లో నేనెవర్ని?"

"ఆ నెరిసిన జుట్టావిడవి కావాలక్కా." ఎస్తేరు వేలు పెట్టి చూపిస్తుంది.

"కావాలంటే అయిపోతానేంటి, పిచ్చిదానా? సరే, కీమో పెట్టించు. పక్కన నువ్వు కూర్చోవాలి మరి."

"కూర్చుంటాను."

ఆ మాటతో ఆడవాళ్లంతా వీధి దాటి నడుస్తారు, వాళ్ల వెనకే అక్కచెల్లెళ్లిద్దరూ. అక్కడ సముద్రం ఉతికిన చీరలా నేల మీద పడి ఉంది. రాహేలు ఒక అంచు ఎత్తి దులుపుతుంది. చేపలు జలజలా రాలతాయి.

"అటు కొస పట్టుకోవే. ఒక్కదాన్ని ఎలా మడతపెట్టను?"

అటు కొస ఆకాశం దగ్గరుంది. ఎస్తేరు అక్కడిదాకా నడిచి అంచు అందుకుంటుంది. అక్కణ్ణుంచి రాహేలు ఆవగింజంత కనిపిస్తోంది. ఎస్తేరు కొసను లాగి పట్టుకుని ఎదురు నడుస్తుంది. అంచుకు అంచు కలిపి మడుస్తారు. మళ్లీ వెనక్కి జరిగి, మళ్లీ ఎదురు నడుస్తారు. మడతమడతకూ అక్క దగ్గరవుతోంది, ఒళ్లు మందమెక్కుతోంది. గాజుల చప్పుడు వినిపిస్తోంది. మడతల మధ్య చిక్కుకున్న ఓడ ఒకటి కూత వేస్తుంది.

ఇంకొక్క మడత వేస్తే అక్క వేళ్లు అందుతాయి. నీళ్లోడుతున్న సముద్రాన్ని గుండెలకెత్తుకుని ఎస్తేరు అడుగు ముందుకు వేస్తుంది.