గీత మీదికి రాని చుక్కలు

నిన్నటి నుంచి నాలుగోసారి గీత తప్పింది. బెంజీన్ బుద్ధిగా వస్తోంది, టొలుయీన్ వస్తోంది, మిగతా రసాయనాలన్నీ చెప్పినమాట వింటున్నాయి. ఒక్క వినైల్ క్లోరైడ్ మాత్రం నా ప్రాణం తోడేస్తోంది. తెలిసిన మోతాదుల్లో ఐదు ద్రావణాలు కలిపి మెషీన్‌కి ఇస్తే ఐదు చుక్కలూ ఒకే గీత మీద పడాలి. అలా పడితేనే తెలియని నీళ్ళ లెక్క నమ్మొచ్చు. ఈ చుక్కలేమో తలో దారి పట్టాయి.

ఫ్రిజ్‌లో ఒకే ఒక్క సీసా మిగిలింది. మా చెల్లెలి వీధి బోరు నీళ్ళవి. పట్టి ఇవాళ్టికి పద్నాలుగు రోజులు. సాయంత్రం నాలుగులోగా మెషీన్‌లో పెట్టకపోతే చెల్లదు. మళ్ళీ పట్టేది వచ్చే ఏడాదే. క్యాన్సర్ తెచ్చే ఈ వినైల్ క్లోరైడ్ లీటరుకి రెండు మైక్రోగ్రాములు దాటిందని నా రిపోర్టు చెప్తేనే బోరు మూసేసి పైపులైను వేస్తారు. లేదంటే నా చెల్లెలు, దాని మూడేళ్ళ కూతురు ఆ నీళ్ళే తాగాలి.

అదే బోరు నీళ్ళ రెండో సీసాని నిన్న ఈ పాడు గీత మీదే చూశాను. రెండున్నర వచ్చింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, సంతోషం పట్టలేకపోయాను.

మేనేజర్ వచ్చి స్క్రీన్‌లోకి తొంగి చూశాడు. "ఆ నాలుగో చుక్క ఎత్తేయండి మేడమ్, మిగతావి సరిపోతాయి. నిన్నటి రెండున్నరే పంపేద్దాం."

"ఎందుకు ఎత్తేశానని రాయమంటారు?"

"అవన్నీ ఎవరు చదువుతారండీ!" అని ఫోన్ చెవికి పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒళ్ళు మండింది. అయినా నా చెయ్యి మౌస్ మీదికే పోయింది.

అప్పటికే ట్యూబులు మార్చాను, సూది మార్చాను, ఎక్కడైనా లీకుందేమోనని ప్రతి అతుకూ వెతికాను. ఇక మిగిలింది బాబాయ్. పిలుపే గానీ చుట్టం కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ ల్యాబులో ద్రావణాలు కలిపేది ఆయనే, ఇంకొకరిని ఆ బల్ల దగ్గరికి రానివ్వడు. నాకు సిరంజి పట్టడం నేర్పిందీ ఆయనే.

"ఇంకోసారి కలుపు బాబాయ్, నేను చూస్తాను."

"నాకే పరీక్ష పెట్టేదానివయ్యావా అమ్మడూ?" అని గొణుగుతూనే సిరంజి తీశాడు.

వినైల్ క్లోరైడ్ గాలి తగిలితే చాలు, ఎగిరిపోయే రకం. సూది మొన నీళ్ళలో ముంచి వదలాలి. బాబాయ్ సూది నీళ్ళకి వేలెడు పైనే ఆగిపోయింది. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో ఆయనకి కనబడడం లేదు.

"బాబాయ్, కళ్ళు చూపించుకుని ఎన్నాళ్ళయింది?"

ఆయన నా మొహంలోకి చూశాడు, ఫ్లాస్కు వైపు చూశాడు. కుర్చీలో కూలబడి "నువ్వే కలుపు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కానీ ఓదార్చడానికి టైము లేదు.

ఐదూ నేనే కలిపాను, మెషీన్‌లో ఒక్కో చుక్కకి అరగంట. మూడున్నరకి ఐదూ గీత మీద కూర్చున్నాయి. అప్పుడు తట్టింది. కొలిచే గ్లాసు చిన్నదైతే బియ్యం ఎక్కువ గ్లాసులున్నట్టు కనబడతాయి. కొంత గాలికి పోయిన ద్రావణంతో వేసిన లెక్క, నిన్నటి సీసాని పెంచి చూపించింది.

మూడు నలభైకి ఆఖరి సీసా పెట్టాను. ఎక్కువ రావాలి, ఎక్కువ రావాలి అని మొక్కుకున్నాను, విషం కోసం. ఒకటి పాయింట్ ఏడు వచ్చింది.

బాబాయ్ వెనకే నిలబడి ఉన్నాడు. "పాత గీత ఇంకా ఉంది కదే" అన్నాడు మెల్లగా. "సూది సంగతి నేనెవరికీ చెప్పను."

బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఇవాళ చెల్లెలి కోసం పెంచితే, రేపు ఎవడో తగ్గించమని వస్తే ఏ మొహం పెట్టుకుని కాదంటాను? ఒకటి పాయింట్ ఏడే పంపాను. పాత లెక్క ఎందుకు తప్పిందో కూడా రాశాను.

చెల్లెలికి ఫోన్ చేశాను.

"అయితే పైపు రాదా అక్కా?"

"రాదు."

వెనక పాప నీళ్ళు కావాలని మారాం చేస్తోంది.

"తాగొచ్చా మరి?"

"రిపోర్టు తాగొచ్చనే అంటోంది."

"రిపోర్టుని కాదు, నిన్ను అడుగుతున్నా."

"పాపకి ఆ నీళ్ళు పట్టకే" అన్నాను.

"మరి ఏం పట్టను?" అంది.