పిల్లులకి వేసిన కంచె

చేపలు పట్టుకుతినే బావురుపిల్లుల మీద కంపెనీవాళ్ళకి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చిందని ఎవరన్నా అంటే చాలు, జాలర్ల పాలెంలో చేప ఏరే గంగాదేవికి ఒళ్ళు మండిపోయేది.

హంసలదీవి దగ్గర రొయ్యల చెరువులు తవ్వించిన ఆ కంపెనీ, తన భూమిలో మిగిలిన మడచెట్ల తోపుని ఎవరూ అడక్కుండానే పిల్లులకి వదిలేసింది. చుట్టూ కంచె వేసి బోర్డు పెట్టింది. పిల్లుల్ని కాపాడినవాళ్ళన్న ముద్ర పడితే ఆ రొయ్యలకి పైదేశాల్లో గిరాకీ, బ్యాంకులో పరపతి. ఎంత పుణ్యాత్ములో! కానీ పాయ ఒడ్డుకి దారి ఆ తోపులోంచే. పాలెం ఆడవాళ్ళు వలల్లోని చేపని ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని ఏరేవారు. ఇప్పుడు గంపలు నెత్తిన పెట్టుకుని మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. ఎండకి చేప మెత్తబడిపోతే కొనేవాడు మొహం తిప్పుకుంటున్నాడు.

ఆర్నెల్లకి కంపెనీ ఆఫీసరు గిరిధర్ గుడివాడ నుంచి కారేసుకుని ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"గంగాదేవిగారూ, మా కెమెరాల్లో ఒక్క పిల్లీ పడటం లేదండీ. ఆ ముద్ర ఇచ్చేవాళ్ళు శనివారం పరిశీలనకి వస్తున్నారు."

"ఎందుకు పడతాయి? మేం ఏరి పారేసిన చెత్తచేప తిని బతికేవి అవి. మమ్మల్ని తరిమారు, అవీ మా ఎనకే వచ్చేశాయి."

"అందుకేనండీ, ఈ నాలుగు రోజులూ పాతచోటే చేప ఏరండి. గేటు తీయిస్తాను."

ఆమె ఒప్పుకుంది. వచ్చిన పెద్దలకి చెబితే దారి ఇప్పిస్తారని ఆశ. చెత్తచేప వాసనకి పిల్లులూ తిరిగొచ్చాయి, కెమెరాల్లో పడ్డాయి. శనివారం వచ్చిన మేడంగారికి గంగాదేవి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడ తల ఊపుతూ అంతా రాసుకుంది, ఆమె ఫోటో కూడా తీయించింది.

రెండు వారాలకి కంపెనీకి ముద్ర వచ్చింది. గేటుకి తాళం పడింది. పక్కనే నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. అందులో నవ్వుతున్నది ఎవరో కాదు, గంగాదేవే. కింద అక్షరాలు కోడలు రాజకుమారి చదివి వినిపించింది: "మా సంరక్షణలో భాగస్వామి."

గంగాదేవి ఇంటికెళ్ళి మొగుడి బోటు సామాన్లలోంచి కటింగ్ ప్లేయరు తెచ్చింది. పట్టపగలు, పాలెం అంతా చూస్తుండగా కంచె తీగలు ఒక్కొక్కటీ పుటుక్కుమనిపించింది.

వాచ్‌మన్ లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు. "కేసు పెడతారు పిన్నీ!"

"పెట్టమనరా. ఫోటో వాళ్ళ దగ్గరే ఉందిగా."

గంప నెత్తిన పెట్టుకుని లోపలికి నడిచింది.