కాలవ దాటిన పంక్తి

నా కూతురు కెజియాకి ఇంకా మాటలు రాలేదు. మొదటిసారి "అమ్మా" అన్నప్పుడు ఎదురుగా నేను కాక ఇంకెవరో ఉంటారేమోనని నాకు భయం. చీకటంటే భయం లేదు, పామంటే లేదు. ఇదొక్కటే.

క్రిస్మస్ మధ్యాహ్నం మా హాలు పొడుగవుతోంది.

మా ఆయన సామ్యేలు తన స్నేహితుల్ని ముగ్గుర్ని భోజనానికి పిలిచాడు. "హడావిడేం వద్దు. హాయిగా కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తిందాం," అన్నాడు. ఆ హాయి ఎలా ఉంటుందో తెల్లారకముందు నుంచీ పొయ్యి దగ్గర నిలబడి తెలుసుకున్నాను. పలావు, మటన్, పెరుగు చట్నీ, కేకు. గోడ వారన నాలుగు అరిటాకులు పరిస్తే హాలు సరిగ్గా సరిపోయింది.

ప్రార్థన అవుతుంది. కెజియాని మా ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి బేసిన్ ఎత్తుకుంటాను. మొదటి ఆకు మా ఆయన స్నేహితుడు దేవదానం అన్నయ్యది. వడ్డించి, అలవాటుగా అంటాను: "మొహమాటపడకండి అన్నయ్యా, ఇంకొంచెం వేసుకోండి."

ఆ మాట పూర్తయ్యేసరికి పంక్తి చివర ఐదో ఆకు ఉంటుంది. దాని ముందు ఎవరో పెద్దమనిషి బాసింపట్టు వేసుకుని, ఆకు మీద నీళ్ళు చల్లి తుడుచుకుంటున్నాడు. ఆయనకి చోటివ్వడానికి గోడ మర్యాదగా వెనక్కి జరుగుతుంది.

"మీరంతగా బలవంతం చేస్తే కాదనలేం కదమ్మా," అంటాడాయన. "ఏదీ, పాపని ఇలా ఇవ్వండి."

మా ఆయన ఇచ్చేస్తాడు.

రెండో ఆకు దగ్గరా అదే మాట అంటాను. చివర ఇంకొకావిడ వచ్చి కూర్చుంటుంది. పాప ఆవిడ ఒళ్ళోకి వెళుతుంది. నేను "ఇంకొంచెం" అన్నప్పుడల్లా చివర ఒక ఆకు, ఒక కొత్త ఒడి.

"ఏవండీ, పాపని ఇవ్వొద్దు."

"ముద్దు చేస్తున్నారే, తినేస్తారా ఏంటి? నువ్వు కాస్త హాయిగా ఉండవే."

"అయితే మీరు లేచి తీసుకురండి."

"పంక్తి మధ్యలో ఎవరైనా లేస్తారా? నీకు తెలీదూ?"

తెలుసు. అందరూ తినేదాకా ఎవరూ లేవకూడదు. ఒకరికి వేసి ఒకరిని వదిలేయకూడదు. వేశాక ఇంకొంచెం అని అడక్కపోతే పెట్టనట్టే. ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి మా అమ్మ నాకు నేర్పిన చదువు ఇదే. మిగతా చదువంతా మర్చిపోయాను. ఇది మాత్రం పోదు.

అందుకని ఒక్కో ఆకూ దాటుకుంటూ వెళతాను. హాలు వీధిలోకి వస్తుంది. కరెంటు స్తంభం పక్కకి తప్పుకుంటుంది. గట్టు దిగి పంక్తి కాలవ మీదికి సాగుతుంది. నీళ్ళ మీద ఆకులు తడవవు, మనుషులు మునగరు. దూరంగా కెజియా పసుపు గౌను ఆవగింజంత కనిపిస్తోంది. బేసిన్‌లో పలావు తరగదు. తరిగితే ఆపేయొచ్చు కదా అని దాని మీద కూడా కోపం వస్తుంది.

కళ్ళజోడావిడ ఒకరు నన్ను ఆపుతారు. "ఉప్పు కాస్త తగ్గిందమ్మా. పర్లేదులే, వెయ్యి. అవునూ, చివర ఆ పిల్లెవరిది? భలే ఉంది."

"నాది."

"అలా అనకూడదు. పదిమందిలోకి వచ్చిన పిల్ల అందరిదీ."

వడ్డిస్తాను. నోరు మూసుకుంటాను.

ఆవిడ ముద్ద కలపదు. "ఏమీ అనవేం?"

"ఏమనాలి?"

"ఇంకొంచెం అనాలి."

"చాలు. తిన్నది చాలు!"

పంక్తి మొత్తం నమలడం ఆపేస్తుంది. చివర కొత్త ఆకు పడదు. మా ఆయన మాట నోటి నుంచి నోటికి అందుకుంటూ నా దాకా వస్తుంది. చివరికి ఒక ముసలాయన గొంతుతో వినిపిస్తుంది: "మాటకైనా అనొచ్చు కదే, పరువు పోతోంది, అంటున్నాడమ్మా మీ ఆయన."

"ఆ పరువుకి కూడా ఒక ఆకు వేయమనండి. వచ్చి కూర్చుంటే దానికీ నేనే వడ్డిస్తానని చెప్పండి."

నా జవాబు వెనక్కి వెళుతుంది. నోరు మారినప్పుడల్లా మెత్తబడుతుంది. కాసేపటికి బదులు వస్తుంది: "పలావు బాగుందట."

ఇంక ఎవరికీ వెయ్యను. అందరినీ వదిలేసి నడుస్తాను. నేను దాటుతుంటే మనుషులు చేతులు వెనక్కి తీసుకుంటారు. "ఒక్కసారైనా అడగలేదు చూశారా," అని వెనక వినిపిస్తుంది. అననీ. నేను పరిగెడతాను.

చివర ఒడి ఏదీ లేదు. కెజియా నీళ్ళ మీద ఒక్కతే, తన ఆకు ముందు కూర్చుని ఉంది. నన్ను చూస్తుంది. పెదవులు దగ్గరికి తెస్తుంది. బేసిన్ పట్టుకునే ముందుకి వంగుతాను.

"మొహమాటపడకండి," అంటుంది. ఒక్క అక్షరం తప్పదు. గొంతు నాదే. "కూర్చోండి. ఇంకొంచెం వేసుకోండి."

పక్కన నాకు ఆకు వేసి ఉంది. నా కాళ్ళు వాటంతటవే మడుచుకుంటాయి. నడక రాని పిల్ల లేచి, తనకన్నా పెద్దదైన బేసిన్ నా చేతుల్లోంచి అందుకుంటుంది. నాకు వడ్డించి వెనక్కి తిరుగుతుంది. ఆకు ఆకుకీ వంగి లేస్తూ పొడుగవుతుంది. గౌను పరికిణీ అవుతుంది, పరికిణీ చీర అవుతుంది.

"కెజియా, అది కింద పెట్టెయ్! ఎవరికీ వెయ్యకు!"

"తినేటప్పుడు అరవకూడదమ్మా," అంటాడు పక్కాయన.

లేవబోతాను. పంక్తి ఇంకా అవలేదు, నా మోకాళ్ళు ఒప్పుకోవు. కిందికి చూస్తే నీళ్ళ అడుగున ఇంకో పంక్తి తలకిందులుగా కూర్చుని ఉంది. ఒక్కొక్కరూ తమ ఆకుని రెండు చేతులా పైకెత్తి, నా కూతురు ఎప్పుడు అటు వస్తుందా అని చూస్తున్నారు.

ఆమె మీ ఆకు దగ్గరికి కూడా వస్తుంది. పసుపు చీర, చేతిలో బేసిన్. తను నోరు తెరవకముందే మీరు అడగండి, నువ్వు తిన్నావా అమ్మా అని. చేతులు నొప్పి పుడుతున్నాయేమో చూడండి. నేను లేవలేకుండా ఉన్నాను.